అశాశ్వతాన్ని కొలిచిన సన్యాసి

కిమియా అనే మాట మన పాతబస్తీ వారికి కొత్తది కాదు. రాగినో, పాదరసాన్నో బంగారంగా మార్చే విద్య తమకు తెలుసునని చెప్పుకొన్న ఫకీర్లు, బైరాగులు ప్రతి తరంలోనూ ఉన్నారు. వారిని నమ్మి ఒంటిమీది నగలు కూడా మూసలో పోసి పోగొట్టుకొన్న గృహస్థులూ ఉన్నారు. తెలుగునాట సిద్ధ నాగార్జునుని గురించీ, వేమన యోగిని గురించీ చెప్పుకొనే స్వర్ణవిద్య కథలు సరేసరి. కథలు కథలుగానే మిగిలాయి గాని, ఆ విద్య మాత్రం ఒకనాడు నిజంగానే ఫలించింది. 1941లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పాదరసాన్ని వేగంగా పోయే న్యూట్రాన్లతో కొట్టి అందులో నుంచి బంగారం పుట్టించారు.

అయితే ఆ బంగారాన్ని చార్‌కమాన్ దగ్గర ఏ షరాబూ కొనడు. ఎందుకంటే అది నిలవదు. అందులో ముఖ్యమైన రకం పేరు బంగారం-198. పది తులాల బంగారం-198ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశామనుకోండి. (లెక్క కోసమే అనుకొంటున్నాం. నిజంగా అంత పోగు చేస్తే దాని వేడికి ఇనప్పెట్టే కరిగిపోతుంది.) సుమారు 2.7 రోజులు గడిచేసరికి అయిదు తులాలే ఉంటుంది. మరి 2.7 రోజులకు రెండున్నర తులాలు. ఇరవై ఏడు రోజులకు వెయ్యో వంతు. మిగతాదంతా ఏమైంది? మళ్ళీ పాదరసమైంది. పాదరసం నుంచి వచ్చినది పాదరసంలోకే పోయింది. రసవాదులు ఈ సంగతి ముందే ఎరిగి ఉంటే ఎన్ని కొంపలు నిలబడేవో!

సగం తరిగిపోవడానికి పట్టే ఈ వ్యవధినే అర్ధాయువు అంటారు. మనిషి చేతితో పుట్టించిన మూలకాలన్నిటికీ ఏదో ఒక అర్ధాయువు రాసిపెట్టి ఉంది. కొన్నిటికి వేల సంవత్సరాలు, కొన్నిటికి నిమిషాలు, కొన్నిటికి రెప్పపాటులో వందో వంతు. బంగారం-198 పాదరసంగా మారే క్షణంలో దాని కేంద్రకం నుంచి ఒక ఎలక్ట్రాను దూసుకువస్తుంది. దానికే బీటా కిరణమని పేరు. ఆ ఎలక్ట్రాను ఎంత శక్తితో వచ్చిందో తూచి చెప్పడం ఒక విద్య. దీపం ఆరిపోతూ విడిచిన పొగను చూసి ఆ దీపంలో ఏ నూనె పోశారో చెప్పడం వంటిదది. ఈ విద్యలో ఆరితేరి, దానిని యూరప్ నుంచి తెలుగు దేశానికి తెచ్చి పాదు చేసిన మహనీయుడు ఒక సన్యాసి. ఆయనే స్వామి జ్ఞానానంద.

పూర్వాశ్రమంలో ఆయన పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం దగ్గరి గొరగనమూడి గ్రామంలో జన్మించారు. నరసాపురం టైలర్ హైస్కూలులో చదివారు. యువకుడుగా ఉండగానే ఇల్లు విడిచి ఉత్తరాదికి వెళ్ళిపోయారు. హిమాలయ ప్రాంతాలలో సుమారు పదేళ్ళు యోగ సాధనలో గడిపారు. ఆ పదేళ్ళలో ఆయన ఏం చూశారో, ఏం పొందారో లోకానికి అక్కర లేదు గనుక మనమూ ఆ జోలికి పోవద్దు. మన దేశంలో ఇల్లు విడిచిన యువకులు ఎందరో ఉన్నారు. నాశనం లేని వస్తువు కావాలని వెళ్ళినవారిలో చాలామంది హిమాలయాల్లోనే ఉండిపోయారు, లేదా ఆశ్రమాలు పెట్టి శిష్యులను చేర్చుకొన్నారు. ఈయన దారి మాత్రం వేరైంది.

1927 ప్రాంతంలో ఆయన జర్మనీ చేరారు. వెళ్ళినది యోగాన్ని గురించీ, వేదాంతాన్ని గురించీ ఉపన్యాసాలివ్వడానికే. అప్పటి జర్మనీలో హిందూ తత్త్వమంటే ఆదరణ ఉండేది. సభకు జనం వచ్చేవారు, పుస్తకాలు అచ్చయ్యేవి. హాయిగా అలా కాలక్షేపం చేసి గౌరవంగా బతకవచ్చు. కాని ఆయన వెళ్ళిన సమయం చూడండి. 1925 నుంచి 1927 లోపల హైజెన్‌బెర్గు, ష్రోడింగరు మొదలైనవారు భౌతికశాస్త్రాన్ని పునాదులతో సహా తిరగరాసిన రోజులవి. ఐన్‌స్టీను సాపేక్ష సిద్ధాంతం వీధిలో పోయేవాడి నోట కూడా నలుగుతున్నది. దేశ కాలాల గురించి ఇన్నాళ్ళుగా తాను ధ్యానించినది ఒక వంక, ఈ దేశంలో అదే దేశ కాలాలను సమీకరణంగా రాసి నిలబెట్టి, సూర్యగ్రహణంలో నక్షత్రపు వెలుగు వంగడం కొలిచి రుజువు చేయడం ఒక వంక. స్వామి వారికి ఆ రెండో పద్ధతి మీద మనసు పోయింది.

మనసు పోవడం ఒకటి, పలక పట్టుకొని కూర్చోవడం మరొకటి. ముప్ఫై ఏళ్ళు దాటిన సన్యాసి డ్రెస్డెన్‌లో ఉన్నత గణితం, భౌతికశాస్త్రం అభ్యసించడం మొదలుపెట్టారు. చుట్టూ కూర్చున్నవారు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. భాష జర్మను. హైస్కూలు చదువుకూ ఈ చదువుకూ మధ్య పదేళ్ళ హిమాలయం. మన కాలేజీలో ఒక సబ్జెక్టు తప్పితే ఇంక చదువు అబ్బదని ఆటో స్టాండు దగ్గరకో, మామయ్య దుకాణానికో పోయే పిల్లలను నేను ఏటా చూస్తుంటాను. వారికి ఈ ముప్ఫై ఏళ్ళ విద్యార్థి సంగతి చెప్పాలనిపించే ఈ వ్యాసం మొదలుపెట్టాను. సభల్లో స్వామి జ్ఞానానంద పేరెత్తి, చూశారా, మన వేదాల్లో అణుశాస్త్రమంతా ఉందని ఆయన రుజువు చేశాడు అనే వక్తలు కూడా మనకు ఉన్నారు. ఆయనకు ప్రేగ్‌లోనూ, లివర్‌పూల్‌లోనూ డాక్టరేటు ఇచ్చినది సూత్రాలు వల్లించినందుకు కాదు. ఫోటో పలక మీద గీతల మధ్య ఎడమును వెంట్రుకలో వంతు తేడా రాకుండా కొలిచినందుకు. ఈ సంగతి ఆ వక్తలు చెప్పరు.

డ్రెస్డెన్ నుంచి ఆయన చెకోస్లొవేకియా రాజధాని ప్రేగ్ వెళ్ళి, చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఆచార్య డొలేజెక్ దగ్గర ఎక్స్ కిరణాల వర్ణపటం మీద పరిశోధన చేశారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే కృత్రిమ మూలకాల కథకు తలుపు తెరుచుకొన్నది ఈ ఎక్స్ కిరణాల దగ్గరే. 1913లో మోస్లీ అనే ఇంగ్లీషు యువకుడు ఒక్కో మూలకం విడిచే ఎక్స్ కిరణాలను కొలిచి, మూలకాలన్నిటికీ వరుస నంబర్లు వేయవచ్చునని చూపాడు. నంబరంటే ఆ పరమాణు కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యే. హాజరు పట్టీ తయారయ్యేసరికి కొందరు గైరుహాజరైన సంగతి బయటపడింది. 43 లేదు, 61 లేదు, 75 లేదు, మరి కొన్ని లేవు. ఇక వేట మొదలైంది. డొలేజెక్ స్వయంగా 1925లో 75వ మూలకం వేటలో పాల్గొన్నవాడే. 75 భూమిలో దొరికింది, దానికి రీనియం అని పేరు పెట్టారు. 43 కూడా దొరికిందని అదే ఏడాది జర్మనీ వారు ప్రకటించారు, మసూరియం అని నామకరణం కూడా చేశారు. కాని మరొకరెవరూ దానిని చూడలేకపోయారు.

43 భూమిలో వెతికితే దొరకనిది. ఉండి ఉంటే గదా! భూమి పుట్టినప్పుడు ఉన్న ఆ మూలకం ఎప్పుడో హరించుకుపోయింది. చివరకు 1937లో ఇటలీలోని పలెర్మోలో సెగ్రే, పెరియర్ అనే ఇద్దరు దానిని పట్టుకొన్నారు. అదీ గనిలో కాదు. అమెరికాలో బర్కిలీ సైక్లోట్రాన్ యంత్రంలో నెలల తరబడి దెబ్బలు తిన్న మాలిబ్డినం రేకును లారెన్స్ పోస్టులో పంపితే, ఆ రేకులో. మనిషి చేసిన మొదటి మూలకం కనుక గ్రీకు భాషలో కృత్రిమమనే అర్థం వచ్చేట్టు టెక్నీషియం అన్నారు. దాని రకాల్లో అతి దీర్ఘాయువు కలదాని అర్ధాయువు కూడా 42 లక్షల సంవత్సరాలే. భూమి వయస్సు 450 కోట్ల పైచిలుకు సంవత్సరాలు. లెక్క మీరే వేసుకోండి.

(1901లో నవాబ్ జఫర్ జంగ్ మన పాతబస్తీ ఫిసల్‌బండలో దూరదర్శిని ఏర్పాటు చేసి నిజామియా అబ్జర్వేటరీకి అంకురార్పణ చేశారు. ఆ ఊసు ఇక్కడెందుకంటే, భూమి మీద లేని ఈ టెక్నీషియం 1952లో ఆకాశంలో కనిపించింది. మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో మెరిల్ అనే ఖగోళజ్ఞుడు కొన్ని ఎర్రని మహాతారల వెలుగులో దాని గీతలు చూశాడు. కోట్ల ఏళ్ళ వయసున్న తారలో లక్షల ఏళ్ళ ఆయుష్షు గల మూలకం ఉందంటే, అది అక్కడ ఇప్పటికీ తయారవుతూ ఉన్నదన్న మాట.)

ప్రేగ్‌లో డాక్టరేటు వచ్చేనాటికి స్వామి వారు నలభయ్యవ ఏటికి చేరువయ్యారు. అక్కడి నుంచి ఇంగ్లండు వెళ్ళారు. ఆయన గురువు డొలేజెక్ మాత్రం తర్వాత నాజీల చేతిలో చిక్కి 1945లో టెరెజిన్ నిర్బంధంలో ప్రాణం విడిచాడు.

లివర్‌పూల్‌లో ఆయనకు దొరికిన గురువు జేమ్స్ చాడ్విక్. 1932లో న్యూట్రానును కనిపెట్టి, 1935లో నోబెల్ బహుమతి పొంది, అదే ఏడాది కేంబ్రిడ్జి విడిచి లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి వచ్చిన మనిషి. చాడ్విక్ అంటే న్యూట్రానే మనకు గుర్తుకు వస్తుంది గాని, బీటా కిరణాల చిక్కుముడిని మొదట చూసిన వాడూ ఆయనే. 1914లో బెర్లిన్‌లో చదువుకొంటూ ఆయన ఒక విడ్డూరం గమనించాడు. ఒకే రకం పరమాణువులు ఒకే రకంగా మారుతున్నప్పుడు వెలువడే ఎలక్ట్రాన్లన్నీ ఒకే శక్తితో రావాలి గదా. రావడం లేదు. కొన్ని మెల్లగా, కొన్ని వడిగా, సున్నా నుంచి ఒక హద్దు దాకా అన్ని శక్తులతోనూ వస్తున్నాయి. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. శత్రు దేశస్థుడని ఆయనను బెర్లిన్ దగ్గరి రూలెబెన్ గుర్రప్పందాల మైదానంలో, గుర్రాల కొట్టంలో నాలుగేళ్ళు నిర్బంధించారు. థోరియం కలిపి అమ్మే పళ్ళపేస్టు తెప్పించుకొని ఆ కొట్టంలోనే రేడియోధార్మికత ప్రయోగాలు చేశాడు పట్టువదలని విక్రమార్కుడు.

ఆ విడ్డూరం తేలడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. జమాకూ ఖర్చుకూ పొంతన కుదరలేదు. కొంత శక్తి లెక్కకు అందకుండా ఎక్కడికో పోతున్నది. శక్తి నిత్యత్వ సూత్రమే తప్పేమో అనేంతవరకు వెళ్ళారు పెద్దలు కొందరు. 1930లో పౌలీ, కంటికి గాని పరికరానికి గాని చిక్కని మరో కణం ఎలక్ట్రానుతో పాటు బయటికి పోతూ ఆ తరుగును మోసుకుపోతున్నదని ఊహించాడు. 1934లో ఫెర్మీ ఆ ఊహకు లెక్క కట్టాడు. ఆ కణం పేరు న్యూట్రినో. ఫెర్మీ లెక్క సరా, కాదా? ఎలక్ట్రాన్లు ఏ శక్తితో ఎన్నెన్ని వచ్చాయో అతి జాగ్రత్తగా కొలిస్తేనే తేలుతుంది. లివర్‌పూల్‌లో స్వామి జ్ఞానానంద చేపట్టినది ఈ కొలతల విద్యనే. బీటా కిరణాల వర్ణపటాన్ని అధిక సూక్ష్మతతో కొలిచినందుకు ఆ విశ్వవిద్యాలయం ఆయనకు పిహెచ్.డి. ఇచ్చింది.

అదే 1934లో పారిస్‌లో మరో సంగతి జరిగి ఈ విద్యకు చేతినిండా పని కల్పించింది. మేడమ్ క్యూరీ కుమార్తె ఇరీన్, అల్లుడు ఫ్రెడరిక్ జోలియో కలిసి అల్యూమినియం రేకును ఆల్ఫా కణాలతో కొట్టారు. కొట్టడం ఆపిన తర్వాత కూడా రేకు నుంచి కిరణాలు వస్తూనే ఉన్నాయి. రేకులో కొన్ని అల్యూమినియం పరమాణువులు భాస్వరంగా మారాయి. అది మనం ఎరువుల్లో చూసే భాస్వరం కాదు, రెండున్నర నిమిషాల అర్ధాయువు గల భాస్వరం-30. ప్రకృతిలో లేని అస్థిర పదార్థాన్ని మనిషి పుట్టించడం అదే ప్రథమం. ఆ తర్వాత చూస్తూ చూస్తూ ఉండగానే అటువంటివి వందల సంఖ్యలో పుట్టుకొచ్చాయి. ప్రతిదాని అర్ధాయువు కొలవాలి, ప్రతిదాని కిరణాలు తూచాలి.

ఇంతకీ అవి ఎందుకు నిలవవు? రంజాన్ నెలలో రాత్రిపూట చార్మినార్ చుట్టూ జనాన్ని తలచుకోండి. కేంద్రకం అటువంటి సమ్మర్దం. ప్రోటాన్లన్నీ ధనావేశం కలవి గనుక ఒకదానినొకటి నెట్టుకొంటాయి, ఆ తోపిడి ఈ చివర నుంచి ఆ చివర దాకా తగులుతుంది. పట్టి ఉంచే బలం మరొకటి ఉంది. అది ఎంతో గట్టిదే కాని పక్కవాడి చేయి పట్టుకొన్నట్టు పక్కనున్న కణం వరకే పనిచేస్తుంది. న్యూట్రాన్లకు ఆవేశం లేదు. అవి ఎవరినీ నెట్టవు, పట్టు మాత్రం ఇస్తాయి. కనుక న్యూట్రాన్లు తగు పాళ్ళలో ఉంటే కేంద్రకం నిలుస్తుంది. మనం బయటి నుంచి కణాలను దూర్చి ఆ పాళ్ళు చెడగొడతాం. న్యూట్రాన్లు ఎక్కువైతే ఒక న్యూట్రాను ప్రోటానుగా మారి ఎలక్ట్రానును విసురుతుంది. అప్పుడు మూలకం నంబరు ఒకటి పెరుగుతుంది. తక్కువైతే ఇంచుమించు దీనికి తిరగబడి జరిగి నంబరు ఒకటి తగ్గుతుంది. జనం మరీ ఎక్కువైతే, అంటే నంబరు 83 దాటిన తర్వాత, ఏ పాళ్ళలో కలిపినా శాశ్వతంగా నిలిచేది ఒక్కటీ లేదు. ఏ పరమాణువు ఎప్పుడు పోతుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు గాని, కోటి ఉంటే సగం ఎప్పటికి పోతాయో మాత్రం గడియారం పెట్టినట్టు చెప్పవచ్చు.

ఇక కొలిచే పద్ధతి. బీటా స్పెక్ట్రోమీటరు అనే పరికరంలో ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలోకి వదులుతారు. వడిగా వచ్చినది తక్కువ వంగుతుంది, మెల్లగా వచ్చినది ఎక్కువ వంగుతుంది. ఎంత వంగిందో చూసి శక్తి చెప్పవచ్చు. చెప్పడానికి ఇంతే. చేయబోతే నూరు అడ్డంకులు. దారిలో గాలి ఉంటే ఎలక్ట్రాను దానికి తగిలి దారి తప్పుతుంది. కనుక లోపల గాలి లేకుండా తోడేయాలి. పంపులు పెట్టాలి, అతుకులు కారకుండా చూడాలి, లోపలి లోహం నుంచే ఊరి వచ్చే వాయువును కాచి పోగొట్టాలి. నమూనా మందంగా ఉంటే అందులోనే ఎలక్ట్రాను శక్తి పోగొట్టుకొంటుంది, కనుక మన వరఖు దుకాణాల్లో కొట్టే వెండి రేకుకన్నా పలచగా పూయాలి. ఇవన్నీ సిద్ధమయ్యేసరికి నమూనా ఆయుష్షు కరిగిపోతూ ఉంటుంది. ఇరవై నిమిషాల అర్ధాయువు గల పదార్థంతో పని అంటే, వేలం పాట దగ్గర నిలబడ్డట్టే.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో స్వామి వారు అమెరికా వెళ్ళి మిచిగన్ విశ్వవిద్యాలయంలో రేడియోధార్మిక ఐసోటోపుల బీటా వర్ణపటాల మీద పరిశోధన సాగించారు. అదే దేశంలో, అదే కాలంలో, బీటా పరివర్తననే నిచ్చెనగా వేసుకొని మనిషి ప్రకృతి గీసిన గీత దాటాడు. యురేనియం నంబరు 92. దానిపై భూమిలో చెప్పుకోదగ్గ మూలకం లేదు. 1940లో బర్కిలీలో మెక్‌మిలన్, ఏబెల్సన్ యురేనియానికి ఒక న్యూట్రాను తినిపించారు. 23 నిమిషాల అర్ధాయువుతో అది ఎలక్ట్రానును విడిచి 93 అయింది. అది నెప్ట్యూనియం. 2.3 రోజుల అర్ధాయువుతో అదీ ఎలక్ట్రానును విడిచి 94 అయింది. సీబోర్గు బృందం 1941 ఆరంభంలో గుర్తుపట్టిన ఆ 94 పేరు ప్లుటోనియం. దీని అర్ధాయువు సుమారు 24,100 సంవత్సరాలు. గ్రాములు, కిలోలు పోగు చేసి దాచుకోవడానికి సరిపోయేంత స్థిరం, బద్దలు కొట్టడానికి అనువైనంత అస్థిరం. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద పడినది అదే. చాడ్విక్ ఆ బాంబు తయారీలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుల బృందానికి నాయకుడు. శిష్యుడు చేసినది మాత్రం పరమాణువుల విడి లెక్కలు. ఏ శాస్త్రజ్ఞుడికి ఏ గది దక్కుతుందో కొంత ప్రాప్తం కూడా ఉంటుంది, కనుక ఇందులో ఒకరిని పొగిడి ఒకరిని తెగిడే పని నేను పెట్టుకోను.

యుద్ధం ముగిసిన తర్వాత, 1947లో అమెరికాలో ఆయన గ్రంథం ఒకటి వెలువడింది. పేరు హై వాక్యువా. గాలిని తోడేయడం ఎలా, ఎంత తోడామో కొలవడం ఎలా అన్నదే విషయం. రచయిత పేరు అట్ట మీద స్వామి జ్ఞానానంద అనే ఉంటుంది. శూన్యం మీద సన్యాసి పుస్తకం రాశాడంటే ఏ గ్రంథాలయోద్యోగి అయినా వేదాంతం బీరువాలో పెట్టే ప్రమాదం ఉంది. కాని అది పంపుల పుస్తకం, గేజీల పుస్తకం. శూన్యాన్ని గురించి మాట్లాడడానికి మన దేశంలో ఎప్పుడూ కొరత లేదు. ఒక సీసాలో దానిని నిజంగా తయారుచేసి, ఎంత శూన్యమో అంకె వేయగలవాళ్ళే తక్కువ.

1947లోనే ఆయన స్వదేశం తిరిగివచ్చారు. ఢిల్లీలో అప్పుడే రూపు దిద్దుకొంటున్న నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేశారు. కె.ఎస్. కృష్ణన్ డైరెక్టరుగా ఉన్న రోజులవి. ఢిల్లీలోనే ఉండిపోయి ఉంటే సుఖంగా గడిచేది. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను పిలిచింది. వాసిరెడ్డి శ్రీకృష్ణ గారు అప్పుడు వైస్‌ఛాన్సలరు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి నిండా ఏడాదయింది, రాజధాని కర్నూలులో గుడారాల కింద నడుస్తున్నది, హైదరాబాదు ఇంకా వేరే రాష్ట్రం. అటువంటి సమయంలో, యాభై ఏడేళ్ళ వయస్సులో, వాల్తేరు కొండ మీద న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖకు పునాది వేయడానికి ఆయన పూనుకొన్నారు.

విదేశంలో ఉన్న పరికరం ముందు కూర్చొని పరిశోధన చేయడం ఒక ఎత్తు. పరికరమే లేనిచోట దానిని నిలబెట్టి, దాని ముందు కూర్చోగల పిల్లలను తయారుచేయడం మరొక ఎత్తు. ఆ రోజుల్లో విదేశీ మారకం దొరకడం గగనం. అందుచేత వర్క్‌షాపులో తరణం పట్టి, తీగచుట్టలు చుట్టి, గాజు ఊది చేసుకోవలసినవి చేసుకొనేవారు. మన విశ్వవిద్యాలయాల లేబొరేటరీలన్నిటి కథా ఆ రోజుల్లో ఇదే. రేడియోధార్మిక నమూనాలు దూరం నుంచి రావాలి, వచ్చేసరికి వాటి ఆయుష్షులో కొంత రైలులోనే చెల్లిపోతుంది. బంగారం-198 వంటిది బొంబాయిలో పెట్టెకెక్కించి వాల్తేరులో దించేసరికి మూడో వంతుకు పైగా పాదరసమై ఉంటుంది. ఇటువంటి పరిస్థితుల్లోనే బీటా, గామా వర్ణపటాల పరిశోధనకు విశాఖపట్నం దేశంలో ఒక పేరు తెచ్చుకొంది. 1965 వరకు ఆయన ఆ శాఖకు అధిపతిగా ఉన్నారు. ఆ తర్వాత నాలుగేళ్ళకే, 1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు. ఆయన నెలకొల్పిన లేబొరేటరీలకు విశ్వవిద్యాలయం ఆయన పేరే పెట్టింది.

ఆయన పేరు మీద మూలకం లేదు, సూత్రం లేదు, బహుమతి లేదు. మన పాఠ్య పుస్తకాలలో ఆయన కనిపించకపోవడానికి అదే కారణం కావచ్చు. పాఠ్య పుస్తకం వ్రాసేవారికి కనిపెట్టిన వాడు కావాలి, కొలిచిన వాడు అక్కర లేదు. కాని కొలిచిన వాడు లేకపోతే కనిపెట్టిన వాడి మాట నమ్మేదెట్లా? కృత్రిమ మూలకాల విషయంలో ఇది మరీ నిజం. 1955లో 101వ మూలకం మెండెలీవియం కనుగొన్నామని బర్కిలీ వారు ప్రకటించినప్పుడు వారి దగ్గరున్నది పదిహేడు పరమాణువులు. పట్టి చూపడానికి ఏమీ లేదు. అవి పోతూ పోతూ చేసిన సవ్వడే సాక్ష్యం. 118వ మూలకం ఒగనెస్సాన్‌కు 2016లో పేరు పెట్టారు. రష్యాలోని డుబ్నాలో కాలిఫోర్నియాన్ని కాల్షియంతో నెలల తరబడి కొట్టగా అప్పటికి చూసిన పరమాణువుల లెక్కకు ఒక చేతి వేళ్ళు సరిపోతాయి. అర్ధాయువు సెకనులో వెయ్యో వంతు కూడా లేదు. పత్తర్‌గట్టీ సందుల్లో వరఖు కొట్టేవాడి సుత్తి పైకి లేచి కిందికి దిగేలోగా అది పుట్టి, చచ్చి, దాని బిడ్డలూ పోయి ఉంటాయి.

అన్నీ అంత అల్పాయువులే అనుకోకండి. 110 దాటిన తర్వాత కూడా న్యూట్రాన్లు చాలినన్ని ఉన్న రకాలు కొంచెం ఎక్కువ సేపు నిలుస్తున్నాయి. 114వ మూలకం ఫ్లెరోవియంలో ఒక రకం సెకన్లు నిలుస్తుంది. ఇంకా కొంచెం ముందుకు పోతే స్థిరత్వపు దీవి ఒకటి తగులుతుందని సిద్ధాంతవేత్తల ఆశ. ఇంకా ఎవరూ ఆ ఒడ్డు చేరలేదు.

అస్థిరమన్న మాటకు పనికిరానిదని అర్థం చెప్పుకోరాదు. మన నగరంలో నిమ్స్ ఆసుపత్రి న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో గుండెకో, ఎముకకో స్కాన్ తీయించుకొన్నవారు ఈ పాఠకుల ఇళ్ళల్లోనే ఉండవచ్చు. అటువంటి స్కాన్లలో ఎక్కువగా వాడేది ఆ గైరుహాజరు మూలకాన్నే, 43ను. టెక్నీషియం-99ఎమ్ అర్ధాయువు ఆరు గంటలు. ఒంట్లోకి ఎక్కించి ఫోటో తీసేదాకా ఉంటుంది, మర్నాటికి పదహారో వంతే మిగులుతుంది. అది శాశ్వతమై ఉంటే దానిని ఒంట్లోకి ఎక్కించే ధైర్యం ఏ డాక్టరు చేస్తాడు? దానిని నిలవ ఉంచడం కుదరదు గనుక, 66 గంటల అర్ధాయువు గల మాలిబ్డినం-99ను సీసపు పెట్టెలో తెచ్చి పెట్టుకొని, అందులో పుట్టే టెక్నీషియాన్ని ఏ రోజుకు ఆ రోజు ఉప్పునీటితో కడిగి తీసుకొంటారు. ఆవును కట్టేసి పొద్దున్నే పాలు పితికినట్టు. ఆసుపత్రి వారు దానిని ఆవు అనే అంటారు కూడా. మాలిబ్డినం టెక్నీషియంగా మారే ఆ మార్పు బీటా పరివర్తనే.

స్వామి వారు లివర్‌పూల్‌లో నేర్చిన విద్య ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి ముగిస్తాను. న్యూట్రినోకు బరువెంత అన్న ప్రశ్న ఇంకా తేలలేదు. జర్మనీలో కార్ల్‌స్‌రూహ పట్టణంలో దీనికోసం ఒక బీటా స్పెక్ట్రోమీటరు కట్టారు. 23 మీటర్ల పొడవు, 10 మీటర్ల అడ్డకొలత, సుమారు 200 టన్నుల ఉక్కు తొట్టి. రోడ్డు మీద 400 కిలోమీటర్ల దూరమే గాని ఏ వీధిలోనూ పట్టదు. అందుకని 2006లో దానిని డాన్యూబు నదిలో దించి, నల్ల సముద్రం, మధ్యధరా సముద్రం, అట్లాంటికు చుట్టి, రైను నది మీదుగా సుమారు తొమ్మిది వేల కిలోమీటర్లు తిప్పి తెచ్చారు. లోపల చంద్రుని మీద ఉన్నంత పలచని శూన్యం. అందులో పన్నెండేళ్ళ పైచిలుకు అర్ధాయువు గల ట్రిటియం విడిచే ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా తూస్తున్నారు. బీటా వర్ణపటం, గాఢ శూన్యం, ఆయన పరిశోధించినది ఒకటి, పుస్తకం రాసినది మరొకటి, రెండూ ఆ తొట్టిలోనే కలిశాయి. 2025లో వారు ప్రకటించిన ఫలితం ప్రకారం న్యూట్రినో బరువు ఎలక్ట్రాను బరువులో పది లక్షల వంతుకన్నా తక్కువ. అది పై హద్దు మాత్రమే, అసలు బరువు ఇంకా దొరకలేదు.